నురగ నిలిచేదాకా

మా అమ్మకూ మా ఆవిడకూ గొడవంటూ వచ్చిందంటే అది కాఫీ దగ్గరే. మిగతా అన్ని విషయాల్లోనూ వాళ్లిద్దరిదీ ఒక జట్టు, నేనొక్కణ్ణీ ఇంకో జట్టు. ప్రసూన మా మేనమామ కూతురు. కోడలు కాకముందే మేనకోడలు కాబట్టి, ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ ‘అత్తా, నువ్వు’ అనే పిలుపే తప్ప ‘మీరు’ అనడం తనకి అలవాటు లేదు.

“ఇదేం కాఫీ మే? చెయ్యి కడుక్కోడానికి తెచ్చినావా?” అనేది అమ్మ.

“తాగితే తాగు. లేదంటే తులసిచెట్టుకు పొయ్యి” అనేది ప్రసూన.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి నా మీద పడేవాళ్లు. కాఫీపొడి తెచ్చింది నేను కదా మరి.

అమ్మ పేరు పెంచలమ్మ. నెల్లూరు బస్టాండు వెనక సందులో ఆమె కాఫీ అంగడి నడిపిన కాలంలో, ఆమె గ్లాసులోంచి డబరా గిన్నెలోకీ డబరాలోంచి గ్లాసులోకీ కాఫీ తిరగబోస్తుంటే చూడ్డానికే జనం నిలబడేవాళ్లు. ఆ ధార మూర పొడవుండేది. చుక్క కింద పడేది కాదు. తిరగబొయ్యని కాఫీని ఆమె కాఫీ అనేదే కాదు, కషాయం అనేది. అంగడి మూసేశాక కూడా ఇంట్లో అదే పద్ధతి.

ఇక ప్రసూన బురద మీద పరిశోధన చేసేది. నేనిలా అంటే దానికి ఒళ్లు మండుతుంది. ఒకసారి కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేటి ఒడ్డున నడుస్తుంటే దాని చెప్పు బురదలో దిగబడిపోయింది. కదలకుండా నిలబడితే బురద గట్టిగా కాలిని మోసేదట, కాలు విదిలిస్తే నీళ్లలా లోపలికి లాగేదట. ఇంకొకరైతే చెప్పు పోయిందని ఏడ్చి ఇంటికొస్తారు. ఈమె ఆ బురదను మా అమ్మ టిఫిన్ డబ్బాలో నింపుకుని ఇంటికొచ్చింది.

వచ్చీ రాగానే అన్నం బల్ల మీద ఆ డబ్బా మూత తీసి తలకిందులుగా పట్టుకుంది. అమ్మ కెవ్వుమంది. బురద పడలేదు. గడ్డపెరుగులా అట్లాగే నిలబడింది. తర్వాత డబ్బాను బాగా కుదిపి వంచితే పాయసంలా జారింది. పక్కన పెట్టి కాసేపాగి మళ్లీ తిప్పితే మళ్లీ పడలేదు.

“దీంట్లో సన్నసన్నటి పోగులుంటాయత్తా. ఊరికే ఉంటే ఒకదాని చెయ్యి ఇంకోటి పట్టుకోని నిలబడతాయి. గట్టిగా కదిలిస్తే చేతులొదిలేస్తాయి. మళ్లా వెతుక్కోని పట్టుకుంటాయి. దానికి కొంచెం టైము కావాల” అంది ప్రసూన.

“సరే, నా డబ్బా యెవరు తోముతారు? ఆ పోగులేనా?” అంది అమ్మ.

ఆ పోగుల్ని అల్లేది బురదలో బతికే ఒక సూక్ష్మజీవి. ప్రసూన తన పరిశోధనశాలలో దాన్ని పెంచి, పోగుల్ని కడిగి ఆరబెట్టి, తెల్లటి పొడి చేసింది. రుచి లేదు, వాసన లేదు. దేనికి పనికొస్తుందో ఎవరికీ తెలియదు. గోడల రంగుకు పనికొస్తుందేమోనని వాళ్ల డైరెక్టరు గారు అనుకుంటుండగా, అమ్మకు మెదడులో చిన్న రక్తనాళం మూసుకుపోయింది.

దేవుడి దయవల్ల కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. గొంతు కొద్దిగా బొంగురుపోయింది. కానీ మింగడం పోయింది. గొంతు వైద్యంలో నిపుణురాలైన డాక్టర్ షమీమ్ గారు మాకు తెర మీద బొమ్మ చూపించి చెప్పారు.

“మనం మింగేటప్పుడు గొంతులో ఒక చిన్న మూత ఊపిరి దారిని మూసేస్తుందండీ. అమ్మకి ఆ మూత ఆలస్యంగా పడతా ఉంది. నీళ్లూ కాఫీ లాంటివి మూత కంటే ముందే పరిగెత్తి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకే ముక్కులో గొట్టం.”

గొట్టంలోంచి రోజూ తెల్లటి ద్రవమేదో పోసేవాళ్లం. కడుపు నిండేది, నోరు ఎండేది. కాఫీలో చిక్కదనం కోసం మందుల షాపు పిండి కలిపి చెంచాతో పెడితే అమ్మ పక్కకు ఉమ్మేసింది.

“గంజిలో కాఫీ పోసినావా, కాఫీలో గంజి పోసినావా?”

ఆ తర్వాత అడగడం మానేసింది. అది ఇంకా భరించలేకపోయాం. ఒకరోజు పొద్దున నన్ను పిలిచి ఎదురుగా కూర్చోమంది.

“కోదండా, నీ కాఫీ ఇక్కడికి తెచ్చుకోని తాగరా. వాసనన్నా చూస్తా.”

తెచ్చుకున్నాను. ఒక్క గుక్క కూడా దిగలేదు. నా గొంతు బాగానే ఉంది, అయినా దిగలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన ప్రసూన చెప్పులేసుకుని పరిశోధనశాలకు వెళ్లిపోయింది.

ఆమె ఆలోచన చెప్పుకుంటే చిన్నదే. మూత ఆలస్యంగా పడుతుంటే, మూత పడేదాకా కాఫీనే ఆగేట్టు చెయ్యాలి. నాలుక నొక్కినప్పుడు పోగులు చేతులొదిలి కాఫీ జారాలి. గొంతు మొదట్లోకి చేరగానే మళ్లీ పట్టుకుని ముద్దగా నిలబడాలి. మూత పడ్డాక ఆ ముద్ద అన్నంలాగా దిగిపోవాలి. నోటికి మాత్రం కాఫీ కాఫీలాగే ఉండాలి.

దీనికోసం వాళ్లు ఒక రబ్బరు గొంతు తయారుచేసుకున్నారు. లోపల నాలుకా, ఆలస్యంగా పడే మూతా, రెండు దారులూ ఉన్నాయి. తప్పుదారిలోకి చుక్క పోయినా, దారిలో ఏమైనా అడ్డం పడినా ఎర్రదీపం వెలుగుతుంది. సరిగ్గా దిగితే పచ్చదీపం. ఏం పోసినా కాదనకుండా మింగుతుంది కాబట్టి దానికి కుంభకర్ణుడని పేరు పెట్టారు. నీళ్లు, చారు, మజ్జిగ, పాలు, అన్నీ తాగాడు కుంభకర్ణుడు. ఎర్రదీపం వెలిగిన ప్రతిసారీ ప్రసూన పోగుల పొడవు మార్చింది. చివరికి పచ్చదీపం తప్ప వేరేది వెలగని రోజొచ్చింది.

మొదటి గుక్క ఆసుపత్రిలో, ఎక్స్‌రే తెర ముందు. ఎక్స్‌రేలో కనబడే మందు కలిపిన కాఫీ అమ్మ నాలుక మీద నల్లటి మచ్చలా కనిపించింది. నాలుక నొక్కింది. మచ్చ జారింది. గొంతు మొదట్లో ఆగింది. మూత పడింది. మచ్చ ఆహారం దారి పట్టి దిగిపోయింది.

“ఆ అనండమ్మా” అన్నారు షమీమ్ గారు. మింగిన తర్వాత గొంతు పొడిగా పలికితే దారి సరైందని, గరగరమని తడిగా పలికితే ఊపిరి దారిలోకి పోయిందని గుర్తట.

“ఆ. చక్కెర చాల్లా” అంది అమ్మ.

ప్రసూన అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చింది. షమీమ్ గారు కూడా కళ్లద్దాలు తుడుచుకున్నారు. నేనేం చేశానో నాకు గుర్తులేదు, ఏడవలేదని మాత్రం ప్రమాణం చెయ్యలేను.

తర్వాత మా ఇంట్లోకి మళ్లీ గొడవలొచ్చాయి. ఎంత హాయిగా ఉండేదో. పొడి కలిపి, మూతపెట్టి, కదలకుండా కాసేపుంచి ఇవ్వడం ప్రసూన వంతు. తాగి వంకలు పెట్టడం అమ్మ వంతు. గుక్క గుక్కకూ “ఆ అనత్తా” అని ప్రసూన, “ఆ. నేనేమన్నా పాటలు నేర్చుకుంటున్నానా?” అని అమ్మ. గొట్టం తీసేశారు. బుగ్గలు పూడుకొచ్చాయి. చేపల పులుసులో పులుసు వరకూ తాగే స్థాయికి వచ్చింది.

ఒక ఆదివారం పొద్దున ప్రసూన ఎప్పటిలాగే గ్లాసునూ డబరానూ అమ్మ ముందు పెట్టింది. మా ఇంట్లో గ్లాసు డబరా లేకుండా బల్ల మీదికి రాదు, అంతే. ఇన్నాళ్లూ అమ్మ దాన్ని ముట్టుకోలేదు. ఆ రోజు ఓపిక వచ్చిందేమో, గ్లాసు పైకెత్తి డబరాలోకి పోసింది. మొదటి ధార వణికింది. రెండోది నిటారుగా వచ్చింది. మూడోదానికి చెయ్యి తలపైకి లేచింది, మూర పొడవు ధార, చుక్క కింద పడలేదు. మేమిద్దరం చప్పట్లు కొట్టాం. ప్రసూన అయితే ఈల వేసింది. మా పెంచలమ్మ మాకు తిరిగొచ్చేసిందని సంబరపడిపోయాం.

అమ్మ నవ్వుతూ, నురగ మీదే, వేడి మీదే, తన అంగట్లో జనం ఎలా తాగేవాళ్లో అలా పెద్ద గుక్క వేసింది.

దగ్గు కూడా రాలేదు.

“ఆ అనత్తా” అంది ప్రసూన, ఇంకా నవ్వుతూనే.

అమ్మ నోరు తెరిచింది. కుళాయిలో నీళ్లూ గాలీ కలిసి వచ్చినట్టు గరగరమని ఒక శబ్దం వచ్చింది. తర్వాత పెదాలు నీలంగా మారాయి.

ఆసుపత్రికి తీసుకెళ్లాం. కాఫీ ఊపిరితిత్తుల్లోకి పోయి చీము పట్టింది. జ్వరం, ఆక్సిజన్, మళ్లీ ముక్కులో గొట్టం. బతుకుతుందో లేదో షమీమ్ గారు చెప్పలేకపోయిన రోజులున్నాయి. బతికింది. కానీ ఇంటికి పంపేటప్పుడు ఆమె నాతో అన్నారు: “ఇంక నోటి ద్వారా ఏమీ వద్దండీ. ఇంకోసారి ఇట్లా అయితే తట్టుకోలేదు.” పరిశోధనశాలలో డైరెక్టరు గారు పొడి ప్రయోగాలన్నీ ఆపేయించారు. ఆయన్ను తప్పుపట్టను. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

ప్రసూన అమ్మ గది గుమ్మం దాటి లోపలికి రావడం మానేసింది. గుమ్మం దగ్గర నిలబడి మందులు నా చేతికిచ్చి వెళ్లిపోయేది. కాఫీ వాసన వస్తే వంటింట్లోంచి లేచిపోయేది.

“నా చేత్తో కలిపిచ్చినా బావా. చప్పట్లు గూడా కొట్టినా” అంది ఒకసారి. నేనూ కొట్టాను.

ఒకరోజు పక్క సర్దుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. బొంగురుగొంతు ఇంకా పీలగా అయిపోయింది.

“ఆ పిల్ల నా మొహం చూడదేందిరా?”

“భయంగా ఉందమ్మా దానికి.”

“కాఫీ ఎందుకు తిరగబడిందో కనుక్కోమను. ఊరికే ఏడస్తా కూర్చుంటే ఆ పొడికి బుద్దొస్తుందా?”

ఆ మాట ప్రసూనకు చేరవేశాను. తను వెంటనే డైరెక్టరు గారికి ఫోన్ చేసి, మనుషుల మీద కాదు, కుంభకర్ణుడి మీద మాత్రమే ఒక్క పరీక్ష చేస్తానని అడిగింది. ఆయన ఒప్పుకున్నారు. నన్ను కూడా రమ్మంది, డబరా పట్టుకుని.

తెల్లటి కోట్లేసుకున్నవాళ్ల మధ్య డబరా పట్టుకుని నిలబడ్డానికి నాకు సిగ్గేసింది. ప్రసూన పొడి కలిపిన కాఫీని గాజుపాత్రలో పెట్టి, “అత్త పోసినట్టు పొయ్యి బావా” అంది. పోశాను. సగం నా చొక్కా మీద పడింది. మిగిలిన సగం వెంటనే కుంభకర్ణుడి నోట్లో పోసింది. ఎర్రదీపం.

“చూసినావా?” అంది. “మేం ఇక్కడ ఎప్పుడూ ఒకసారి కలిపి, మూతపెట్టి, ముట్టుకోకుండా ఉంచినాం. అన్నిసార్లూ అట్టనే. తిరగబోస్తే ఆ కుదుపుకు పోగులన్నీ చేతులొదిలేశాయి. మళ్లా పట్టుకునేలోపలే అత్త తాగేసింది. కాఫీ నీళ్లతో సమానమైపోయింది. మా ల్యాబులో మనిషి తాగినట్టు యెవరూ తాగలా బావా.”

మళ్లీ పోయించింది. ఈసారి కాసేపాగి తాగిస్తే పచ్చదీపం. మూడోసారి మరీ ఎక్కువసేపు ఆగితే మళ్లీ ఎర్రదీపం. ఎందుకంటే పోగులు ఊరికే ఉండేకొద్దీ ఇంకా ఇంకా గట్టిగా పట్టుకుంటాయట. కాఫీ గడ్డలా అయి గొంతులో అతుక్కుంది. తొందరపడితే ముంచుతుంది, మరీ ఆలస్యం చేస్తే అడ్డం పడుతుంది. మధ్యలో ఒక మంచి సమయం ఉంది. అది ఎప్పుడు?

గడియారం పెట్టి చూసింది. వేడిగా ఉంటే ఒక లెక్క, చల్లగా ఉంటే ఇంకో లెక్క. పాలు చిక్కగా ఉంటే ఇంకో లెక్క. ఏ ఇంట్లో ఏ పాలో ఎవరికి తెలుసు? ప్రసూన కుర్చీలో కూలబడింది. నేను పోసిపెట్టిన గాజుపాత్ర బల్ల మీద అలాగే ఉంది. దాన్ని ఖాళీ కళ్లతో చూస్తూ కూర్చున్నది కాస్తా మెల్లగా ముందుకు వంగింది.

“బావా, ఆ బుడగలు చూడు.”

తిరగబోసినందువల్ల కాఫీ నిండా చిన్న చిన్న గాలిబుడగలు. అవి ఒకదాని వెంట ఒకటి పైకి తేలి పగులుతున్నాయి. చూస్తుండగానే నెమ్మదించాయి. కాసేపటికి ఆగిపోయాయి. పైకి వెళ్లాల్సిన బుడగ, మధ్యలో ఎవరో పట్టుకున్నట్టు, ఉన్నచోటే నిలిచిపోయింది.

“పట్టుకున్నాయి! పోగులు పట్టుకున్నాయి!” అని అరుస్తూ ప్రసూన ఆ కాఫీని కుంభకర్ణుడికి తాగించింది. పచ్చదీపం.

వేడి కాఫీతో చేసింది, ఆరిన కాఫీతో చేసింది, చిక్కటి పాలతో, పలచటి పాలతో చేసింది. ఎంతసేపు పట్టినా సరే, బుడగలు కదలడం ఆగిన వెంటనే తాగిస్తే ఎర్రదీపం వెలగలేదు. తిరగబొయ్యని కాఫీలో మాత్రం బుడగలే లేవు. అది ఎప్పుడు నిలిచిందో, ఎప్పుడు గడ్డకట్టిందో కంటికి చెప్పేది ఏదీ లేదు. అమ్మ పద్ధతిలో పోసిన కాఫీ ఒక్కటే తన సంగతి తాను చెబుతోంది. సాయంత్రానికి నా చొక్కా మొత్తం కాఫీ రంగులోకి మారింది. ప్రసూన ఎన్నో వారాల తర్వాత నన్ను చూసి నవ్వింది.

షమీమ్ గారూ డైరెక్టరు గారూ వచ్చి చూశారు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి ఒక్క అవకాశం అన్నారు. ఆసుపత్రిలో, అన్ని జాగ్రత్తలతో, ఒకే ఒక్క గుక్క. సరిగ్గా దిగితే అమ్మ మళ్లీ నోటితో తాగవచ్చు. దిగకపోతే పొడి అటకెక్కుతుంది, అమ్మకు బతికినన్నాళ్లూ గొట్టమే. ఆ బతికినన్నాళ్లు కూడా ఎన్నాళ్లో చెప్పలేమని షమీమ్ గారు నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పారు.

అప్పుడు ప్రసూన వెనక్కి తగ్గింది.

“వద్దు బావా. కుంభకర్ణుడైతే చచ్చిపోడు. దీపం వెలుగుతుంది, తుడిచి మళ్లా పెడతాం.”

ఇంటికెళ్లాక ఈ మాట అమ్మకు చెప్పక తప్పలేదు. అమ్మ గుమ్మం వైపు చూసి గొంతు పెంచింది.

“మేయ్ ప్రసూనా! లోపలికి రా. నువ్వు నన్ను కరవబాక, నేనూ నిన్ను కరవను.”

ప్రసూన వచ్చి మంచం పక్కన నిలబడింది. తల ఎత్తలేదు.

“ఆ పొద్దు కాఫీ పోసుకున్నది యెవరు? నేను. తాగింది యెవరు? నేను. అన్ని రోజులు నాకు కాఫీ తాపించింది మాత్రం నువ్వే. ఆ లెక్క చెప్పవేం?”

“మళ్లా అట్టనే అయితే?”

“అయితే అవుతుంది. నా కాఫీ నా ఇష్టం. ఈసారి నువ్వు పొయ్యి. నువ్వు ఇచ్చినప్పుడే తాగుతా. అంతకుముందు తాగను, ఆ తర్వాత తాగను. మా అన్న కూతురివి, నీ మీద నాకు నమ్మకం లేకుంటే ఇంకెవరి మీద ఉంటుంది?”

ప్రసూన మంచం మీద కూర్చుని అమ్మ ఒళ్లో తల పెట్టేసింది. నేను బయటికి వచ్చేశాను. అక్కడ నా అవసరం లేదు. ఎప్పుడూ ఉండేది కాదు కూడా.

ఆసుపత్రిలో ఆ రోజు గదినిండా మనుషులు. బల్ల మీద కాఫీ, పొడి, డబరా, బుడగలు కనిపించేలా గాజు గ్లాసు. ప్రసూన పోసింది. దాని ధార జానెడే. అమ్మ మొహంలో ఎగతాళి కనిపించింది, అయినా నోరు మెదపలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి ప్రసూన కళ్లార్పకుండా చూస్తూ నిలబడింది. బుడగలు తేలాయి, పగిలాయి, నెమ్మదించాయి. పొగలు ఆగిపోయాయి. కాఫీ చల్లారిపోతోందని అమ్మ కళ్లు చెబుతున్నాయి. పోగుల చేతులు కలిసేదాకా ఆగితే వేడి మిగలదు, దానికి ప్రసూన దగ్గర మందు లేదు. జీవితమంతా పొగలు కక్కే కాఫీ అమ్మినామె ఇకనుంచి ఆరిన కాఫీయే తాగాలి. ఆ మాట ముందే చెబితే, “సరేలే” అని ఒక్క నిమిషం మొహం పక్కకు తిప్పుకుంది.

చివరి బుడగ నిలిచింది.

ప్రసూన గ్లాసు తీసి అమ్మ చేతికిచ్చింది. ఇచ్చి, గిర్రున గోడవైపు తిరిగి, రెండు చేతులతో కళ్లు మూసుకుంది. షమీమ్ గారు తెర చూస్తున్నారు. నేను అమ్మను చూస్తున్నాను. అమ్మ గుక్క నోట్లోకి తీసుకుంది. నాలుక నొక్కింది. గొంతు లేచి దిగింది.

“మింగిందా బావా?” అంది ప్రసూన గోడతో.

మింగింది. తెరమీద ఏం కనిపించిందో షమీమ్ గారి మొహం చూస్తే నాకు తెలిసింది. కానీ ప్రసూన తెరను నమ్మే స్థితిలో లేదు. ఆమెకు కావలసింది ఆ గొంతు. నేను నోరు తెరవబోతే అమ్మ చెయ్యి ఎత్తి నన్ను ఆపింది. పెదాలు తుడుచుకుంది. పమిట సర్దుకుంది.

“చల్లారిపొయ్యింది మే కాఫీ” అంది.

పొడిగా, బొంగురుగా, గరగర ఏమాత్రం లేకుండా. అంగట్లో గిరాకీని కేకేసినట్టు.

ప్రసూన భుజాలు ఒక్కసారిగా దిగాయి. ఇటు తిరగలేదు. గోడకు నుదురు ఆనించి, ఏడుపును అదిమిపట్టుకుంటూ అడిగింది.

“ఇంకోసారి చెప్పత్తా.”

“చల్లారిపొయ్యింది” అంది అమ్మ, ఇంకా గట్టిగా.